అత్తగారి మోచెయ్యి

“నా కోడలు నా చెయ్యి ఇరిసేస్తా ఉండాది...”

రంగనాయకమ్మ కేకకు, మరమగ్గాల రొదలో కూడా, నగరిలోని ఆ వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. అత్తగారి కుడి మోచేతి కింద అరచెయ్యి పెట్టి, మణికట్టు పట్టుకుని ఉన్న పూజిత తలెత్తలేదు. పట్టూ వదల్లేదు. వదిలితే ఆ చెయ్యి మళ్ళీ కొయ్యబారిపోతుంది!

ముప్పై ఏళ్ళు మగ్గం మీద అరిగిన చెయ్యి అది. కీలులో ఎముక పెచ్చులు ఊడి అడ్డం పడి, ఏడాదిగా సగంలోనే పట్టేసింది. ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. తన తమ్ముడి కూతుర్ని కాదని కొడుకు ఇష్టపడి చేసుకున్న పిల్ల చేతి ముద్ద తినవలసి వచ్చిందే అని ఆమె నొప్పికన్నా ఎక్కువగా కుమిలిపోయింది. ముద్దకొక తిట్టు... పూజిత ఆరేళ్ళుగా వింటున్నవే!

ఆపరేషన్ చేయించాలని పట్టుబట్టింది పూజితే. ఈ వయసులో కోతలేమిటని ఆడబిడ్డ భువనేశ్వరి ఫోన్లో కసిరింది. తిరుపతిలో డాక్టరు మాత్రం ఓపిగ్గా కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. పెద్ద కోత ఉండదట. పెన్సిలు పట్టేంత రంధ్రాలు మూడో నాలుగో పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా, ఇంకోదాంట్లోంచి పనిముట్టు పోనిచ్చి పెచ్చులు తీసేస్తారట. మర్నాడే ఇంటికి పోవచ్చట. కొన్నాళ్ళు వాపు ఉంటుందనీ, చిటికెన వేలు మొద్దుబారినా, జ్వరం వచ్చినా, చీము కనబడినా వెంటనే తీసుకురమ్మనీ చెప్పి, చివరికి పూజిత వైపు తిరిగాడు.

“మేం చేసేది సగమేనమ్మా. మిగతా సగం ఇంట్లోనే. బలవంతంగా వంచకూడదు, నొప్పని మానెయ్యకూడదు. రోజుకు నాలుగుసార్లు.”

ఆపరేషనయి ఇంటికొచ్చాక ఆ నాలుగుసార్లూ నాలుగు యుద్ధాలయ్యాయి. పగ తీర్చుకోవడానికే కోత పెట్టించిందని రంగనాయకమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఒకరోజు ఎడమ చేత్తో కోడలి జుట్టు పట్టి గుంజింది. పూజిత కన్నీళ్ళు దిగమింగి, అంకెలు లెక్కపెడుతూ ఆ చేతిని మెల్లగా వంచుతూనే ఉంది. కానీ ఆరో రోజు, తల్లి ఏడుపు చూడలేక భర్త మునీంద్ర అడిగిన మాటకు మాత్రం ఆమె గుండె చెరువైపోయింది.

“మాయమ్మ మింద కసి తీర్చుకుంటా ఉండావా పూజితా?”

కట్టుకున్నవాడే ఆ మాటంటే... ఇక ఎవరితో చెప్పుకోవాలి?

తొమ్మిదో రోజున భువనేశ్వరి తిరుపతి నుంచి కారు వేసుకుని వచ్చింది. వదినా అని ఎదురు వెళ్ళిన పూజితను పలకరించలేదు. తల్లి చీరలన్నీ తనే సంచిలో సర్దింది. ఇలాంటి రాక్షసి దగ్గర తల్లిని ఒక్క పూట కూడా ఉంచనని తమ్ముడితో తెగేసి చెప్పింది. మునీంద్ర నేల చూపులు చూశాడు. పూజిత మందుల చీటీ మడిచి, ఏ మాత్ర ఎప్పుడో చెప్పబోతే, భువనేశ్వరి దాన్ని విసురుగా లాక్కుంది.

రంగనాయకమ్మ మంచం మీద నుంచి కదల్లేదు. కూతురినే చూస్తూ అడిగింది.

“ఆడ నా చెయ్యి ఎవురు వంచుతారు?”

“నేనే వంచుతానమ్మా.”

“నేను ఏడిస్తే?”

“నిన్ను ఏడవనిస్తానా? నొప్పంటే అప్పుడే వదిలేస్తా.”

ముసలామె ఎడమ చేత్తో సంచిని కాళ్ళ దగ్గరికి లాక్కుంది.

“అందుకే నేను రాను. నువ్వు వదిలేస్తావు. ఇది వదల్దు.”

మునీంద్ర తలెత్తి భార్య వైపు చూశాడు, చూసి మళ్ళీ తల దించుకున్నాడు. రంగనాయకమ్మ కోడలి వైపు తిరిగింది. కళ్ళలో కోపం ఆరేళ్ళ నాటిదే, పిసరంత కూడా తగ్గలేదు.

“సూస్తా నిలబడితే ఎట్లా? పట్టు.”

పూజిత వచ్చి పక్కన కూర్చుంది. మోచేతి కింద అరచెయ్యి పెట్టబోయి ఆగింది.

“నొప్పేస్తాది అత్తా...”

“ఎయ్యనీ,” అని రంగనాయకమ్మ పళ్ళు బిగించి, చెయ్యి ముందుకు చాపింది.