గొర్రెకు కట్టే కట్టు

"ఓయ్! ఎవురప్పా ఆ గుండ్ల సందులో?"

"నేనే... ఆదోని లక్ష్మప్పను!"

ఉచ్చీరమ్మకు ఒళ్లు మండింది. అతడికి పత్తి జిన్నింగు మిల్లులో పని దొరికాక, గొర్రెలు కాసే పిల్ల మాకొద్దని ఉగాదినాడు కబురంపిన మేనమామ ఇంటి కొడుకు. ఆ మాటే ముఖం మీద చెప్పిపోదామని ఇప్పుడు తానే బయల్దేరాడు కాబోలు అనుకుంది.

వంగి చూసింది. రెండు నిలువుల లోతున పడి ఉన్నాడు. ఎడమ కాలు మోకాలి కింద వంకర తిరిగింది. కోపం ఎటు పోయిందో పోయింది.

"రోడ్డుండగా ఈ కొండ మీద నీకేం పని బావా?"

"మేకపెంటికలు కనపడినాయి. దావ ఉంటాదనుకొంటి."

"మేక పోయే తావున మనిషి పోతాడా? మిల్లుకు పోయి నాలుగేండ్లు కాలేదు, అదీ మర్సినావా!"

పడమట మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడిందంటే ఆ సందంతా వాగే. ఊళ్లోకి పోయి మనుషులను తెచ్చేంత వ్యవధి లేదు. పక్క గట్టు మీద మంద మేపుతున్న తండ్రి పెద్దయ్యను కేకేసి, రాళ్లు పట్టుకుంటూ తను కిందికి దిగింది. నాలుగు పుల్లలు విరిచింది. కొంగు చింపింది.

"గొర్రె కాలు ఇరిగితే కట్టినట్టే కడతా. కదలొద్దు."

"నేను గొర్రెనా?"

"గొర్రె ఇంత అరవదు."

నొప్పిలోనూ లక్ష్మప్పకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఆమె కాలు లాగి సరిచేసేసింది. వాడు పెట్టిన కేకకు కొండ మారుమోగింది.

పెద్దయ్య వచ్చాడు. రెండు చేతికర్రలకు తన కంబళి బిగించి డోలీ కట్టాడు. ముందు తండ్రి, వెనక కూతురు, సందు వెంటే కిందికి నడిచారు. సగం దూరం దిగారో లేదో వాన దిగింది. కాళ్ల కింద నీళ్లు మడమలు దాటి పిక్కలకు వచ్చాయి. తడిసిన కంబళి బరువెక్కింది. ఉచ్చీరమ్మ భుజాలు పీకుతున్నాయి.

"ఉచ్చీరా, నన్నిడిసి మీరు పోండి."

"నోరు మూసుకో. నువ్వు సెప్పనొచ్చిన మాట సెప్పేదాక నిన్ను సావనియ్యను."

"ఏం మాట?"

"గొర్రెలు కాసేదాన్ని వద్దని."

"అది మాయమ్మ మాట. నా మాట ఏరే ఉంది. మామా, నీ బిడ్డను నాకిస్తావా?"

ఉచ్చీరమ్మ కాలు జారబోయింది. కర్రలు మాత్రం వదల్లేదు.

"ముందు దిగనీరా నాయనా!" అని కసిరాడు పెద్దయ్య. "అది జారితే ముగ్గురమూ పోతాం."

వాళ్లు చదును నేల మీద అడుగుపెట్టిన కాసేపటికే వెనక సందంతా ఎర్రనీళ్లు ఉరికాయి. ఉచ్చీరమ్మ డోలీ దించి, అక్కడే కూలబడి ఏడ్చేసింది.

మర్నాడు పెద్దయ్య ఇంట్లో, కట్లు కట్టే సోమప్ప కాలు తడిమి చూశాడు. ఎముక కుదురుగా ఉంది, ఈ కట్టు విప్పొద్దన్నాడు. అప్పుడే కబురందిన లక్ష్మప్ప తల్లి లక్ష్మక్క బండి దిగి, ఏడుస్తూ లోపలికొచ్చింది. కొడుకు నోట అంతా విని ఉచ్చీరమ్మ చేయి పట్టుకుంది.

"తప్పు మాటన్యాను తల్లీ. మా ఇంటికొస్తావా?"

"బావను నడిసొచ్చి అడగమను, అత్తా."

మూడు నెలలకు వచ్చాడు. ఉచ్చీరమ్మ ముఖం చూడలేదు. ముందు ఎడమ కాలు చూసింది. తిన్నగా ఆనుతోంది, కుంటు లేదు. అప్పుడు తలెత్తింది.

"సరే," అంది.

"నేనింగా అడగనే లేదే!"

"నడిసొచ్చినావు గదా."