మీటర్ అరవని చోటు

"విదేశీ ముఠా. సరుకు థోరియం ఉన్న నల్ల ఇసుక. రేపు సాయంత్రం పడవ ఎక్కుతోంది. దాచిన చోటు పట్టుకో," అన్నాడు చీఫ్ కురుప్.

"నా వేషం?" అడిగాడు హరిలాల్.

"మట్టిలో సహజంగా ఉండే రేడియేషన్ కొలిచి మ్యాప్ గీసే సర్వేయర్. కేరళలోని మీ కొల్లం తీరంలో మీటర్ పట్టుకున్నవాణ్ణి ఎవడూ అనుమానించడు. అక్కడ రిసార్ట్ నడుపుతున్న ఎల్సా మన ఏజెంటే. కోడ్ వర్డ్ మీ చేపల కూర పేరే, ‘మత్తి కూర’."

హరిలాల్ ముందు ఎల్సా రిసార్ట్‌లో కొలిచాడు. తర్వాత ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి వాకిట్లోనూ మీటర్ టిక్కుటిక్కుమంటూనే ఉంది. ఆ నేలే అంత.

ఆ ఊరి పొన్నప్పన్ ఇంట్లో అతని భార్య సులోచన కర్రపెండలం, చేపల పులుసు పెట్టింది. "ఆ గిలక్కాయ పక్కన పెట్టి తిను నాయనా!"

తిని చెయ్యి కడుక్కునేలోపే, మూసి ఉన్న వెనక గది దగ్గర మీటర్ గొంతు చించుకుంది. హరిలాల్ ఎల్సాకు కబురు పంపాడు. ఆమె పట్టుచీరలో, నల్ల కళ్ళద్దాల్లో దిగింది.

"ఇదే ఇల్లు. ఇంకా చూస్తావేం? పోలీసుల్ని పిలువు!"

తలుపు పగలగొట్టారు. లోపల నడుం దాకా నల్ల ఇసుకలో కూరుకుని పొన్నప్పన్! కీళ్ళనొప్పులకు అక్కడ అందరూ చేసే వైద్యమే. హరిలాల్ అమ్మమ్మా అలాగే కూర్చునేది. పోలీసులు రెక్కలు పట్టి లాగితే లుంగీ ఇసుకలోనే ఉండిపోయింది. వీధి వీధంతా చూసింది.

"అడిగితే చెప్పేదాన్ని కదరా! నా ఇంట్లో తిని ఇంత పని చేస్తావా?" అని సులోచన ఏడ్చింది.

హరిలాల్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఒడ్డున కూలబడి, ఎవరి మొహమూ చూడలేక మ్యాప్ చూశాడు. ఊరంతా ఎరుపు. ఎల్సా రిసార్ట్ హాలు ఒక్కటే తెలుపు. ఈ తీరంలో మీటర్ నోరు మూసుకోవడమా! నేలకింద రేడియేషన్‌ని అడ్డుకునే సీసపు పెట్టెలు పరిచి ఉంటే తప్ప!

పోలీసుల్ని వెంటబెట్టుకుని రిసార్ట్‌కి పరుగెత్తాడు. ఎల్సాయే తలుపు తీసింది.

"మత్తి కూర బాగుందా?" అంటూ లిప్‌స్టిక్ మూత తిప్పింది. విషపు సూది బుసకొట్టి అతని చెవి పక్కనుంచి పోయింది. ఆమె చెయ్యి మెలిపెట్టి పోలీసులకు అప్పగించి, పెట్టెలు ఎక్కించుకుని అప్పుడే కదిలిన పడవలోకి దూకాడు. ఇంజన్‌కు ఒకే తూటా. సీసపు పెట్టెలతో సహా ముఠా దొరికిపోయింది.

మర్నాడు బుట్టెడు నల్ల ఇసుకతో పొన్నప్పన్ ఇంటిముందు తలవంచుకుని నిలబడ్డాడు.

"దొంగ దొరికాడా?" అడిగాడు పొన్నప్పన్.

"దొరికింది. మా మనిషే. క్షమించు అన్నా."

"అది సరే గానీ, మీ మనిషి తలుపూ పగలగొట్టావా?"

హరిలాల్ బుట్ట గుమ్మంలో దించాడు. రిసార్ట్ దగ్గర మాత్రం అతను బెల్ కొట్టాడు.