మట్టి అంటని చొక్కా

తౌఫీక్ అబద్ధాలకోరు. లాల్‌సాబ్ లెక్కలో అది తేలిపోయిన విషయం. కన్నకొడుకు కదా అని మెత్తబడే మనిషి కాదాయన. పెనుకొండ బస్టాండు వెనక అంగడిలో పరుపులు కుట్టీ కుట్టీ తల దూదిలాగే తెల్లబడింది గానీ మనసు మెత్తబడలేదు. పోయిన చలికాలంలో భార్య జమ్రూద్ చనిపోయాక మరీ బిగుసుకుపోయాడు.

అది 2006 జూన్ నెలాఖరు. సోమవారం పొద్దున కోడలు మహజబీన్ పెరట్లో బట్టలుతికే బండ దగ్గర కూర్చుంది. లాల్‌సాబ్ వేపపుల్ల నములుతూ వచ్చి, ఇంకా తడపని బట్టల బకెట్లోంచి పసుపు చొక్కా ఒకటి పైకి లాగాడు. పొడుగు చేతులు, మోచేతుల దగ్గర మెత్తలు. ఫుట్‌బాల్ ఆటలో గోలు కాసేవాడి చొక్కా. ప్రతి ఆదివారం హిందూపురం టీముకు కీపరుగా ఆడొస్తానని తౌఫీక్ బస్సెక్కేది దీన్ని సంచిలో పెట్టుకునే.

ముందూ వెనకా తిప్పి చూశాడు. మోచేతులు తడిమాడు. దూదిలో గింజ తునకను కళ్ళు మూసుకుని పట్టే వేళ్ళవి. వాటికి ఒక్క ఇసక రేణువు తగల్లేదు.

"ఏమ్మా, గోలు కాసేటోడు కిందపడతాడా, పడడా?"

"పడతారు మామా."

"పొర్లుతాడా?"

"పొర్లుతారు."

"మరి ఈ చొక్కా ఏందమ్మా, పెండ్లికి పోయొచ్చినట్ల ఉండాది?"

"బాలు ఆయన దిక్కు రాలేదేమో లే మామా."

"ఆర్నెల్లుగా రాలేదా? మీ అత్త ఉన్నన్నాళ్ళు ఆదివారం సాయంత్రం ఈ బండ కాడ ఎర్రనీళ్ళు కాలవ మాదిరి పారేవి. ఆయమ్మ పోయినంక హిందూపురంలో మట్టే ల్యాకుండా పోయిందా?"

మహజబీన్ సబ్బు చేతిలోకి తీసుకుంది. ఎర్రనీళ్ళ మాట అబద్ధం కాదు. ఇన్నేళ్ళూ లాల్‌సాబ్ కళ్ళారా చూసిందే. ఆ బండ పక్కన ఎప్పుడూ ఒక గుంత కూడా ఉండేది. ఎన్నిసార్లు పూడ్చినా మళ్ళీ పడేది. "ఏమే, ఈ గుంత ఎవరు తవ్వుతాండారు?" అని అరిస్తే, "కోళ్ళు కెలుకుతాండాయి" అనేది జమ్రూద్. ఇప్పుడు గుంత పూడిపోయి గడ్డి మొలిచింది. కోళ్ళు మాత్రం అవే.

తౌఫీక్‌కు ఈ ఆట పిచ్చి చిన్నప్పుడే పట్టింది. ఏకిన దూది కుప్పల మీద అటొక దూకు, ఇటొక దూకు దూకేవాడు. దూది అంగడంతా లేచేది, తండ్రి చేతిలో బెత్తం కూడా లేచేది. పెద్దయ్యాక గోడమీద ఒక జర్మనీ గోల్‌కీపరు బొమ్మ అంటించాడు. రాగి జుట్టు, బిగించిన దవడ, కొట్టేట్టు చూసే కళ్ళు. "వాడు మీ మేనమామా ఏమిరా?" అని లాల్‌సాబ్ ఎగతాళి చేసేవాడు. హిందూపురం టీములో చేరిన ఏడు ఇంకో మాట కూడా అన్నాడు: "ఆటగానివైతే ఆడి రా. చొక్కా మాయకుండా ఇంటికొచ్చినావంటే దాన్ని చింపి పరుపులో కుక్కుతా!" ఆ మాట తర్వాత తానే మరిచిపోయాడు.

ఇప్పుడు ఆ చొక్కాను తిరిగి బకెట్లో విసిరేస్తూ గొంతు తగ్గించాడు.

"హిందూపురంలో ఇంకో ఇల్లేమన్నా పెట్టినాడేమో కనుక్కోమ్మా."

మహజబీన్ చేతిలో సబ్బు జారిపోయింది. "అంత మాట అనద్దు మామా."

"అంటే తప్పా? నిజమని తేలితే వాడు ఈ గడప తొక్కడు. అంగడి నీ పేరున రాస్తా."

అంగడి సంగతి ఆమె చెవికెక్కలేదు. ఇంకో ఇల్లు అన్నది మాత్రం ఎక్కింది. ఆరోజు నుంచి మొగుడికి కంచం పెట్టి పక్కకు వెళ్ళిపోయేది. అడిగితే కళ్ళు తుడుచుకునేది తప్ప నోరు విప్పేది కాదు. శుక్రవారానికి చీరలు సంచిలో సర్దింది. సోమవారం పుట్టింటికి, తాడిమర్రికి వెళ్ళిపోతానంది. "ఏం జరిగింది నాయనా?" అని తౌఫీక్ అడిగితే, "నీకు తెలియందా?" అన్నాడు లాల్‌సాబ్. తన మాటే ఆ సంచి సర్దించిందని ఆయనకు తెలుసు. వెనక్కి తీసుకోలేదు.

శనివారం టీ అంగడి పెద్దప్ప పేపరు తెచ్చి పరుపుల మీద పరిచాడు.

"ఏమప్పా లాల్‌సాబ్, మీ వాని దేవుణ్ణి చూసినావా? ఈసారి ప్రపంచకప్పులో ఆడనియ్యలేదంట. బెంచీ మీద కూసోబెట్టినారు."

బొమ్మలో ఇద్దరు గోల్‌కీపర్లున్నారు. పెనాల్టీలు కొట్టబోయే ముందు తీసింది. పచ్చిక మీద కూర్చున్నవాడు ఇప్పటి కీపరు. వంగి వాడి చెయ్యి పట్టుకున్నవాడు గోడమీది జర్మనీవాడు. జుట్టు పలచబడింది, దవడ అదే.

"వీళ్ళిద్దరికీ పడదంట నాయనా," అన్నాడు పక్కనే పరుపు కుడుతున్న తౌఫీక్ మెల్లగా. "ఆయన చోటు లాక్కున్నోడు వీడు. అయినా పోయి ధైర్యం చెప్పినాడు."

"అంత పెద్దోన్ని యాల కూసోబెట్టినారు?"

"ఆయనకు కొత్త గాదులే నాయనా. మొదట్లో సొంతూరి టీములో బెంచీనే. తొంభై నాలుగు ప్రపంచకప్పులో బెంచీనే, తొంభై ఎనిమిదిలోనూ బెంచీనే. రెండువేల రెండులో కప్పు మొత్తానికీ మేటి ఆటగాడన్నారు, ఫైనల్లో ఒక్క బాలు చేతిలోనుంచి జారింది. గోలు కంబానికి ఆనుకోని కూసున్నాడు. ఇప్పుడు మళ్ళా బెంచీ."

చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. లాల్‌సాబ్ పేపరు మడిచి పక్కన పడేశాడు. తల్లి మట్టిలో కలిసిన రోజు రాతిలా నిలబడ్డవాడు ఎవడో పరాయివాడి కోసం ఏడుస్తున్నాడు. ఈ ఏడుపు వెనక ఇంకేదో ఉంది. పట్టుకోవాలి.

మరునాడు కొడుకు ఎక్కిన బస్సు కదిలాక ఆ వెనక బస్సెక్కాడు. సోమందేపల్లి దాటేదాకా మనసులో ఆ ఇంటిని కట్టుకుంటూనే ఉన్నాడు. ఏ వీధో, తలుపు ఎవరు తీస్తారో, తాను ఏమని తిట్టాలో.

ఇల్లు లేదు. బస్టాండులో అడిగితే మైదానం చూపించారు. అక్కడ ఆట జరుగుతోంది. వేరుశనక్కాయలమ్మే బండి చాటున నిలబడి చూశాడు. గోలు దగ్గర పచ్చ చొక్కా కుర్రాడొకడు ఎగురుతున్నాడు, పొర్లుతున్నాడు, ఎర్రమట్టి ముద్దయిపోయాడు. పసుపు చొక్కా గీత అవతల బెంచీ మీద ఉంది. ఆట మధ్యలో విరామం వచ్చింది. పసుపు చొక్కా లేచి పరుగున వెళ్ళి ఆ కుర్రాడికి నీళ్ళిచ్చింది, గ్లోవ్స్ పట్టీ బిగించింది, చెవిలో ఏదో చెప్పింది, తిరిగొచ్చి కూర్చుంది.

పక్కనే ఈల మెడలో వేసుకున్న డ్రిల్ మాస్టరు ఉన్నాడు. జయరాముడట.

"ఆ పసుపు చొక్కాయన ఆడడా సారూ?"

"తౌఫీకా? రెండో కీపరు. నేనీ టీముకు వచ్చినప్పట్నుంచీ అంతే."

"మరి వచ్చేది యాలకు?"

"మొదటోనికి దెబ్బ తగిలితే దిగేదానికి ఒకడుండాల కదప్పా. తగల్లేదు, దిగలేదు. ధర్మవరంలో ఆడినా, అనంతపురంలో ఆడినా అందరికన్నా ముందొచ్చేది ఆయనే. ఇంతకీ నువ్వెవరు?"

"ఎవరూ కాదు," అన్నాడు లాల్‌సాబ్.

సాయంత్రం ఇంట్లో ముగ్గురూ ఉన్నారు. సంచి తలుపు దగ్గరే ఉంది. లాల్‌సాబ్ కూర్చోలేదు.

"ఈపొద్దు ఎన్ని గోల్లు ఆపినావురా?"

తౌఫీక్ తండ్రి కాళ్ళవైపు చూశాడు. చెప్పుల మీద ఎర్రటి దుమ్ము.

"వచ్చినావా నాయనా?"

"వచ్చినా. ఎన్నేండ్ల నుంచీ బెంచీ?"

"మొదట్నుంచీ."

"ఆడతాండానని చెప్పినావే?"

"పోతాండానని చెప్పినా. ఆడతాండానని నువ్వే అనుకున్నావు. నేను కాదనలేదు. అది తప్పే. పరుపులోల్ల పిల్లోడు కూసునేదానికి దుడ్లిచ్చి హిందూపురం పోతాండాడని నువ్వు బజారంతా నవ్వవా నాయనా? అమ్మకు మాత్రం మొదటి ఏడే చెప్పినా."

మహజబీన్ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "దీనికేనా?" అంది. "కూసున్నానని చెప్పేదానికి సిగ్గా మీకు? నేను ఈ వారమంతా ఏమనుకొని ఏడ్చినానో తెలుసునా?"

"ఏమనుకున్నావు?"

ఆమె మామ వైపు చూసింది. లాల్‌సాబ్ చూపు తిప్పుకున్నాడు. అనుమానం ఆయనను ఇంకా వదల్లేదు. ఒక్కచోట లెక్క కుదరడం లేదు.

"ఉండు. మీ అమ్మ ఉన్నప్పుడు ఆ చొక్కాకు అంత మట్టి యాడిది?"

"ఏం మట్టి నాయనా?"

"ప్రతి ఆదివారం ఎర్రనీళ్ళు పారేవి. నేను చూసినా."

"నా చొక్కాకు మట్టి యాడంటింది నాయనా? కూసోనే ఉంటి కదా. ఎట్ల తీసుకుపోయింటినో, అట్లే తెచ్చి అమ్మకు ఇచ్చేటోన్ని."

లాల్‌సాబ్ వెనక్కి తిరిగాడు.

పెరటి తలుపులోంచి బండ కనబడుతోంది. పక్కన గడ్డి మొలిచిన చోటు. చొక్కా మాయకుంటే చింపి పరుపులో కుక్కుతానన్న తన గొంతు తన చెవిలోనే పడింది. ఆదివారం సాయంత్రం కొంగు నడుముకు దోపుకుని, మొగుడు చూడని వేళ గుంతలోంచి పిడికెడు ఎర్రమట్టి తీసి, శుభ్రమైన చొక్కాకు రుద్ది, మళ్ళీ ఉతికి, ఆ నీళ్ళు సరిగ్గా ఆయన కూర్చునే అరుగు ముందునుంచే వదిలిన మనిషి జమ్రూద్. చేతులు పగిలితే కొబ్బరినూనె రాసుకునేది. యాల పగిలినాయే అని ఒక్కనాడు అడగలేదు తను.

"కోళ్ళు," అన్నాడు పైకే. ఇంకేమీ అనకుండా పెరట్లోకి వెళ్ళి బండ మీద కూర్చున్నాడు. భుజాలు కదలడం లోపలివాళ్ళకు కనిపించింది. జమ్రూద్‌ను పాతిపెట్టిన రోజు కూడా అవి అలా కదల్లేదు. కాసేపటికి మహజబీన్ సంచిలోంచి చీరలు తీసి పెట్టెలో పెట్టుకుంది.

తరువాతి ఆదివారం తౌఫీక్ ఎప్పటిలాగే వెళ్ళి వచ్చాడు. ఎప్పటిలాగే చొక్కా మాయలేదు. దీపాలు పెట్టే ముందు మహజబీన్ పెరట్లోకి వచ్చి ఆగిపోయింది. గడ్డి పెరికి ఉంది. బండ పక్కన గుంత. మామ గొంతుకూర్చుని పసుపు చొక్కాను ఉతుకుతున్నాడు. ఎర్రనీళ్ళు అరుగు ముందునుంచి వీధి కాలవలోకి పారుతున్నాయి.

ప్రహరీ అవతలినుంచి పెద్దప్ప తల ఎత్తాడు. "ఏమప్పా, ఆ జర్మనీవానికి ఆఖరుకు ఒక ఆట ఇచ్చినారంట, టీవీలో చెప్పినారు. మీవాడు ఆడినాడా ఈపొద్దు?"

"నీళ్ళు చూడు," అన్నాడు లాల్‌సాబ్. "కండ్లు కనపడవా?"

పెద్దప్ప నవ్వుతూ వెళ్ళిపోయాడు. మహజబీన్ దగ్గరికి వచ్చి, "మామా, అత్తమ్మ కూడా ఇట్లే..." అంది.

లాల్‌సాబ్ చొక్కాను పిండి, దులిపి, తీగ మీద వేశాడు. చేతులు మోచేతిదాకా ఎర్రగా ఉన్నాయి.

"ఈ మాట ఈడితో సరి. నా నోట మళ్ళా రాదు. మీరూ ఎత్తద్దు."

మళ్ళీ రాలేదు.