ఒక్క కుర్రాడి కోసం మూడేళ్ళు

"ఆ జట్టు జాకెట్ వాల్ట్‌కి వేస్తే తప్పేమిటే?" బెర్నీస్ కూతురు లోరెట్టాని మూడోసారి అడిగింది. "తొమ్మిదేళ్ళు ఆడాడు మన జట్టుకి. సాయంత్రం పాత ఆటగాళ్ళందరూ వేదిక మీద వరసగా నిలబడతారు. నా సొంత అల్లుడే లేకపోతే జనం ఏమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనీ అమ్మా. ఆ దీపాల్లో, ఆ కేకల్లో వాల్ట్ ఉండలేడు."

"క్రిస్మస్‌ పార్టీలో బాగానే ఉన్నాడుగా."

"ఉన్నాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు నన్ను నర్సనుకున్నాడు. 'మా ఆవిడ ఎప్పుడొస్తుంది సిస్టర్' అని అడిగాడు. నీకు చెప్పలేదు, అంతే."

బెర్నీస్ కాఫీ కప్పు మీద చూపు దించుకుంది కానీ జాకెట్‌ని మాత్రం కుర్చీ మీద నుంచి తియ్యలేదు. ఎనభై ఒక్క ఏళ్ళావిడ. భర్త పోయాక పదేళ్ళుగా, చేతుల్తో బంతి విసురుతూ ఒకళ్ళనొకళ్ళు గుద్ది పడేసే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి ఆవిడే యజమాని. మావగారు సాసేజీల ఫ్యాక్టరీ లాభంతో కొన్న జట్టది. ఈ సరస్సు ఒడ్డు ఊళ్ళో ఉక్కు మిల్లులు మూతపడ్డా, ఫ్యాక్టరీ మూతపడ్డా, ఆ జట్టు మాత్రం మిగిలింది.

తన గురించే మాట్లాడుకుంటున్నారని తెలియనట్టు వాల్ట్ రొట్టె మీద వెన్న రాసుకుంటున్నాడు. ఈస్టరుకి కొన్న గొర్రెపిల్ల ఆకారపు వెన్న. ఒళ్ళంతా అయిపోయి తల మిగిలింది. ఆ ఇంట్లో తల కొయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు. వాల్ట్ చెవి పక్కనుంచి జాగ్రత్తగా గీరుతున్నాడు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి. యాభై ఆరేళ్ళు. చేతివేళ్ళు ఒక్కటీ తిన్నగా లేవు. ఆరేళ్ళుగా ఒక్కొక్కటే మర్చిపోతున్నాడు. ముందు పేర్లు, తర్వాత దారులు, ఇప్పుడు రోజులు. ఏ రాష్ట్రంలో ఏ కాలేజీ కుర్రాడు బాగా ఆడుతున్నాడో చూసి రావడం లోరెట్టా ఉద్యోగం కాబట్టి, తను ఊళ్ళో లేనప్పుడు అతని దగ్గర ఎవరో ఒకరు ఉండాలని మూడేళ్ళ కిందట ఇద్దరూ అమ్మ ఇంటికే వచ్చేశారు.

పెరటి తలుపు తీసుకుని కేసీ వచ్చాడు, వెనకే అతని భార్య డాన్. లోరెట్టా తమ్ముడే జట్టు మేనేజరు. ఎవరిని తీసుకోవాలో, ఎవరిని వదులుకోవాలో చివరి మాట అతనిది. రాత్రంతా నిద్రపోలేదని మొహమే చెబుతోంది. కడుపులో మంటకి వేసుకునే మాత్రల సీసా బల్ల మీద పెట్టి, కోటు కూడా విప్పకుండా కూర్చున్నాడు.

"పన్నెండింటి దాకా టైమిచ్చారు. ఆ తర్వాత ఇంకో జట్టుకి ఇచ్చేస్తారట."

వసంతంలో జట్లన్నీ కాలేజీ కుర్రాళ్ళని వంతుల వారీగా ఎంచుకునే రోజు అది. ఆ సాయంత్రమే డ్రాఫ్ట్. వాళ్ళ వంతు పదకొండోది. దేశమంతా మాట్లాడుకుంటున్న డెరియన్ మాబ్రీ అనే కుర్రాడు పదకొండోవాళ్ళ దాకా మిగలడు. రెండో వంతు ఉన్న జట్టు తన వంతు ఇస్తానంటోంది. బదులుగా ఈ ఏటి వంతుతో పాటు వచ్చే రెండేళ్ళ మొదటి వంతులు కూడా కావాలంటోంది. ఒక్క కుర్రాడికి మూడేళ్ళ పంట.

"నువ్వేమంటావు?" బెర్నీస్ కూతుర్ని అడిగింది. "వాణ్ణి దగ్గరగా చూసింది నువ్వే. నువ్వు సరేనంటే నేను సరే."

"మూడేళ్ళమ్మా," అంది లోరెట్టా. "వాడికేమన్నా అయితే మూడేళ్ళ పాటు మన చేతిలో ఏమీ ఉండదు."

"మూడేళ్ళు!" డాన్ నవ్వింది, నవ్వులో తడి లేదు. "మాకు మూడు వారాల సంగతే తెలీదు లోరీ. నిన్న పొద్దున లేచేసరికి మా ముంగిట గడ్డిలో 'ఈ ఇల్లు అమ్మబడును' అని బోర్డు పాతి ఉంది. ఎవరో తెలుసా? పక్కింటి ఫెలిక్స్. పదిహేనేళ్ళుగా మా కుక్కకి బిస్కెట్లు పెట్టే మనిషి."

"ఐదేళ్ళు ఓడిపోతే బోర్డే పాతుతారు, పూలు పాతుతారా," అంది బెర్నీస్.

"అమ్మా!"

"ఏం, అబద్ధమా? ఈ ఏడాదీ ఇంతే అయితే నేను అమ్మేస్తానని చెప్పాను. మాట తిరగను. నాకింక ఓపిక లేదు. కొనేవాళ్ళు ఎండలున్న ఊరికి తీసుకుపోతారు జట్టుని. పోనీ."

కేసీ మాత్ర ఒకటి నోట్లో వేసుకుని నమిలాడు. "విన్నావా లోరీ? ఇదీ నా పరిస్థితి. నాకు మాబ్రీ కావాలి. వాడొస్తే ఈ ఊరు మళ్ళీ మా మొహం చూస్తుంది." జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "పైగా వద్దనేదెవరు? ఇది నువ్వు రాసిన రిపోర్టే. 'ఎంత దెబ్బ తిన్నా లేస్తాడు. మైదానం వదిలి బయటికి రాడు. తోటివాళ్ళకి ఇతనంటే ప్రాణం, ప్రతి దెబ్బకీ పక్కకొచ్చి భుజం మీద చెయ్యి వేస్తారు.' ఎవరిదే ఈ అక్షరం?"

"నాదే."

"మరి?"

లోరెట్టా ఆ కాగితం వైపు చూసింది. తను రాసిందే. ఆ కుర్రాడి ఆట ఐదుసార్లు చూసింది. వాళ్ళమ్మ యొలాండా వంటింట్లో కూర్చుని చేపల వేపుడు తిని వచ్చింది. ఒక్క మాటా అబద్ధం రాయలేదు.

"అమ్మకి చూపిస్తానుండు," అంటూ కేసీ కంప్యూటర్ ట్యాబ్లెట్‌ని కాఫీ కెటిలుకి ఆనించి నిలబెట్టాడు. "నవంబరు మ్యాచ్. వాన. ఇంకా నాలుగు నిమిషాలే ఉన్నాయి, వెనకబడి ఉన్నారు. చూడు."

తెర మీద పదో నంబరు చొక్కా వేసుకున్న మాబ్రీ బంతి పట్టుకుని వెనక్కి జరిగాడు. పక్కనుంచి ఒకడు వచ్చి గుద్దాడు. కుర్రాడి తల నేలకి తగిలి పైకి ఎగిరి మళ్ళీ తగిలింది. డాన్ కళ్ళు మూసుకుంది. కుర్రాడు మోకాలి మీద లేచాడు, నిలబడ్డాడు. ఆట మళ్ళీ మొదలవగానే బంతిని అరవై గజాలు విసిరాడు. దూరంగా పరిగెడుతున్న తన జట్టువాడి చేతుల్లో పడింది. స్టేడియం ఊగిపోయింది.

"చూశావా?" కేసీ తల్లి వైపు తిరిగాడు. "ఇంకొకడైతే స్ట్రెచర్ మీద వెళ్ళేవాడు. ఇలాంటివాడు పదేళ్ళకొకడు పుడతాడమ్మా."

"ఆ అబ్బాయికి ఎటు వెళ్ళాలో తెలీట్లేదు," అన్నాడు వాల్ట్.

అందరూ అతని వైపు తిరిగారు. చేతిలో వెన్న కత్తి అలాగే ఉంది. కళ్ళు మాత్రం తెర మీద ఉన్నాయి. ఏడాదిగా లోరెట్టా ఆ కళ్ళల్లో అంత తేట చూడలేదు.

"ఏమిటి వాల్ట్?" అంది నెమ్మదిగా.

"వెనక్కి తిప్పు."

కేసీ విసుగ్గా అక్క వైపు చూశాడు. తిప్పాడు.

"ఇదిగో. లేచాడు. ఎటు నడుస్తున్నాడు? అటు వాడి జట్టు లేదు, అవతలివాళ్ళున్నారు." వంకర వేలు తెర మీద ఆన్చాడు. "ఇప్పుడు చూడు, అరవై నాలుగో నంబరువాడు వస్తాడు. భుజం పట్టుకుని తిప్పాడు. చూశావా? వాడికి తెలుసు. చెవిలో ఏదో చెప్తున్నాడు. ఏం ఆడాలో చెప్తున్నాడు."

"భుజం తట్టాడు వాల్ట్. అందరూ తడతారు."

"తట్టలేదు. తిప్పాడు. మా జట్టులో నన్ను ఎడ్డీ తిప్పేవాడు. ఎడ్డీ లేకపోతే ఓరోజు మైదానం దాటి వీధిలోకి నడుచుకుంటూ పోయేవాణ్ణి."

"మరి అరవై గజాలు ఎలా విసిరాడు? స్పృహలో లేనివాడు విసరగలడా?"

"చేతులకి తెలుస్తుంది," అన్నాడు వాల్ట్, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "తలకి తెలియక్కర్లేదు."

లోరెట్టా వెళ్ళి ట్యాబ్లెట్ తీసుకుంది. మళ్ళీ వేసింది. ఇంకో మ్యాచ్ తీసింది, ఇంకోటి తీసింది. సెప్టెంబరులో ఒకసారి, అక్టోబరులో రెండుసార్లు. ప్రతిసారీ అదే అరవై నాలుగోవాడు. ప్రతిసారీ భుజం మీద చెయ్యి. ప్రతిసారీ తిప్పడం. మైదానం అంచున నిలబడి, టోపీలోంచి వాన కారుతుంటే, తను ఇవన్నీ కళ్ళారా చూసింది. చూసి 'ప్రాణం' అని రాసింది. రోజూ పొద్దున్నే స్నానాల గదికి వెళ్ళాల్సిన భర్త బట్టల అల్మారా ముందు నిలబడిపోతే, భుజం పట్టుకుని తిప్పేది తనే. ఐనా పోల్చుకోలేకపోయింది.

"నేను తప్పు రాశాను కేసీ."

"లేదు. నువ్వు తప్పు రాయలేదు. ఈయన మాటలు పట్టుకుని..." కేసీ ఆగిపోయి, బావమరిది గొంతు కాక మేనేజరు గొంతు తెచ్చుకున్నాడు. "డాక్టర్లు చూశారు. తలకి ఏమీ లేదన్నారు. కాగితాలున్నాయి."

"వాల్ట్‌కీ ఉన్నాయి ఆ కాగితాలు. పైన అల్మారాలో. తొమ్మిదేళ్ళవీ ఉన్నాయి. తెచ్చి చూపించనా?"

"మనం వద్దంటే ఏమవుతుంది? ఇంకొకడు తీసుకుంటాడు! పది నిమిషాలు పట్టదు. కుర్రాడు ఎలాగూ ఆడతాడు. పోయేది ఎవరు? మనం!" కేసీ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. "మీ అందరికీ నీతులు చెప్పడానికి తీరిక ఉంది. నాకు లేదు. తోటిపిల్లలు వెక్కిరిస్తున్నారని నా కూతురు స్కూలు బస్సెక్కనంటోంది. నాకు ఇంకో దారి చూపించు లోరీ. ఒక్కటి చూపించు, ఇప్పుడే ఫోన్ చేసి వద్దంటాను."

"నా దగ్గర లేదు."

"మరి అడ్డం రాకు!"

ఆ కేకకి వాల్ట్ ఉలిక్కిపడ్డాడు. కత్తి కిందపడింది. కళ్ళల్లో తేట ఎంత హఠాత్తుగా వచ్చిందో అంత హఠాత్తుగా పోయింది. బెర్నీస్ వైపు తిరిగి, మర్యాదగా, కొంచెం భయంగా అడిగాడు. "ఆ రోజు మేము గెలిచామాండీ?"

"గెలిచారు నాయనా," అంది బెర్నీస్.

"అయితే మా యజమాని పెద్దాయన సంతోషపడి ఉంటారు."

బెర్నీస్ పెదవులు బిగించింది. కేసీ తలుపు ధడాలున వేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. గాజులోంచి కనిపిస్తున్నాడు. గ్యారేజీ గోడకి నుదురు ఆన్చి నిలబడ్డాడు. డాన్ లేవబోయి, మళ్ళీ కూర్చుండిపోయింది. వాల్ట్‌కి కాఫీ పోసి, చక్కెర వేసి కలిపి, చేతికిచ్చింది.

"నాకు తెలుసే," అంది బెర్నీస్. కూతురి మొహం చూడకుండా, బల్లతో చెబుతున్నట్టు అంది. "వాల్ట్ అడిగిన ఆ మ్యాచ్ అయ్యాక మీ నాన్న ఇంటికొచ్చి చెప్పాడు. తలకి దెబ్బ తగిలి రెండో సగమంతా వాల్ట్‌కి ఏ ఊళ్ళో ఆడుతున్నాడో తెలీలేదట, ఐనా ఒక్కణ్ణీ దాటనివ్వలేదట. ఈ బల్ల దగ్గరే. నేను సూపు వడ్డిస్తున్నాను. నవ్వుకున్నాం."

"నేనూ ఉన్నానమ్మా," అంది లోరెట్టా. "నేనూ నవ్వాను. అప్పటికి మా పెళ్ళి నిశ్చయమై నెల."

"ఎంత గొప్పగా చెప్పాడో."

"నాకూ గొప్పగానే అనిపించింది. ఇలాంటివాడు నావాడవుతున్నాడని."

బెర్నీస్ ఏడ్చే మనిషి కాదు. భర్త శవపేటిక దగ్గర కూడా వచ్చినవాళ్ళకి కుర్చీలు చూపిస్తూ తిరిగింది. ఇప్పుడు మాత్రం ఏప్రన్ అంచు నోటికి అడ్డం పెట్టుకుని, చిన్న చప్పుడు చేస్తూ ఏడ్చింది. లోరెట్టా లేచి వెళ్ళి తల్లి తలని తన పొట్టకి ఆన్చుకుంది. ఎంత తేలికైపోయింది ఈ తల అనుకుంది.

"మనిషిని ఇచ్చి మ్యాచ్ తీసుకున్నామే," అంది బెర్నీస్ ఏప్రన్‌లోంచి. "మూడేళ్ళ వంతులకి భయపడుతున్నావు నువ్వు. వాల్ట్‌కి ఎన్నేళ్ళు పోయాయి? నీకు ఎన్నేళ్ళు పోయాయి? ఎవరు అడిగారు?"

గోడ గడియారం పదకొండు ముప్పావు చూపిస్తుండగా కేసీ లోపలికొచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. పడిపోయిన కుర్చీని లేపి, దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్కరి మొహమే చూశాడు.

"మీరు ముగ్గురూ వద్దంటున్నారా?"

"నేనేమీ అనలేదు," అంది డాన్. "ఇల్లు అమ్ముకుంటే అమ్ముకుందాం కేసీ. బోర్డు ఎలాగూ ఉంది."

ఆ మాటకి కేసీ నవ్వబోయాడు. నవ్వు సగంలోనే విరిగిపోయింది. వచ్చి వాల్ట్ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు ఈ వాల్ట్ అతన్ని రెండు చేతుల్తో ఎత్తి బాస్కెట్‌బాల్ రింగులో కూర్చోబెట్టేవాడు.

"అరిచినందుకు ఏమీ అనుకోకు వాల్ట్."

"ఫర్వాలేదు," అన్నాడు వాల్ట్. ఎవరో, ఎందుకో తెలియకపోయినా మనస్ఫూర్తిగా అన్నాడు.

కేసీ అక్కడి నుంచే చెప్పాడు. గొంతు చాలా చిన్నగా ఉంది. డాన్ వినడానికి ముందుకి వంగాల్సి వచ్చింది.

"గ్యారేజీ దగ్గరే ఫోన్ చేసేశాను. వద్దన్నాను. పదకొండో వంతులోనే ఉంటాం, వచ్చినవాణ్ణి తీసుకుంటాం. ఎందుకని అడిగారు. చెప్పలేదు. అది ముందు వాళ్ళమ్మకి తెలియాలి. లోరీ, నువ్వు యొలాండాకి ఫోన్ చెయ్. మన జట్టు తరఫున కాదు. వాల్ట్ భార్యగా చెయ్. నేను పక్కన కూర్చుంటాను."