మూడు గంటల రీడింగ్

పిచ్చుక తెల్ల పెట్టె తలుపు తీసి, మునివేళ్ల మీద నిలబడి థర్మామీటర్ చూసింది. ముప్పై తొమ్మిదిన్నర.

ఇంకోసారి చూసింది. ముప్పై తొమ్మిదిన్నరే.

"ఇంత ఎండకి ఇంతేనా?" అని గొణుక్కుంది.

పిచ్చుక ఏడో తరగతి. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ, బడిలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఎప్పుడూ కిచకిచమంటూ ఉంటుందని పిచ్చుక అన్నారు. గోరంత సంగతి దాని నోట్లో పడితే కొండంతై బయటికొస్తుందని స్నేహితులు నవ్వుతారు.

ఆ పెట్టె బడి వెనక గడ్డిలో, నాలుగు కాళ్ల మీద ఉంటుంది. గోడలకు బదులు ఏటవాలు చెక్కలు. లోపలికి గాలి వస్తుంది, ఎండ రాదు. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఎవరో ఒకరు అందులో థర్మామీటర్ చూసి రిజిస్టర్లో రాయాలి. పదకొండేళ్లుగా అలా రాస్తూనే ఉన్నారు. మొదటి మూడు పుస్తకాల్లోని గుండ్రటి దస్తూరీ ఒక మాస్టారిది. ఆయన ఇప్పుడు లేరు. ఆ తర్వాతి పుస్తకాలు సైన్స్ టీచర్ చూస్తున్నారు. సెలవు రోజుల్లో ఆవిడే వచ్చి రాసి వెళ్తారు.

మర్నాడు శనివారం. హాల్లో చర్చ ఉంది. "ఎండల గురించి మనం అతిగా భయపడుతున్నామా?" అన్నది అంశం. పిల్లల అమ్మానాన్నలు కూడా వస్తారు. చర్చ అయ్యాక వాళ్లే చేతులెత్తి ఒక సంగతి తేల్చాలి. మూడింటికి ఎండలో జరిగే ఆటల పీరియడ్‌ను పొద్దుటికి మార్చాలా, వద్దా?

మార్చాలి. పిచ్చుకకు అందులో అనుమానం లేదు. రెండో తరగతి చదువుతున్న చెల్లి ఈ నెలలో రెండుసార్లు మైదానంలో కళ్లు తిరిగి పడిపోయింది.

రిజిస్టర్ మొత్తంలో అన్నిటికంటే పెద్ద అంకె నలభై రెండు. ఇవాళ దాన్ని మించితే రేపు ఎదుటివాళ్లు నోరెత్తలేరు.

పిచ్చుక చుట్టూ చూసింది. ఎవరూ లేరు. థర్మామీటర్‌ను పెట్టెలోంచి తీసింది. సైకిల్ స్టాండ్ పక్కన మాడిపోతున్న సిమెంటు గట్టు మీద పెట్టింది. రెండు వందలు లెక్కపెట్టింది.

నలభై ఆరు.

అదే రిజిస్టర్లో రాసింది. "థర్మామీటర్ చూపించిందే కదా రాశాను," అని తనకు తానే చెప్పుకుంది. రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

బడి వదిలేలోపే ఆ అంకె తరగతులన్నీ తిరిగింది. చెల్లి చెవిలోనూ పడింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చెల్లి వంటింట్లో ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉంది. పై అరలో దాని గుడ్డబొమ్మ.

"ఏం చేస్తున్నావే?"

"నలభై ఆరంట కదక్కా. బొమ్మ చచ్చిపోద్ది."

"బొమ్మలు చావవు."

"మరి మనం?"

చెల్లి వేళ్లు మడుస్తోంది. "రేపు నలభై ఏడు. ఎల్లుండి నలభై ఎనిమిది. ఆటల పీరియడ్ మళ్లీ సోమవారం. అప్పటికి ఎంతక్కా?"

"ఆ తలుపు మూయండే, చల్లదనమంతా పోతోంది," అని వాకిట్లోంచి నాన్న కేక వేశాడు.

నాన్న ఫ్రిజ్ మెకానిక్. ఎవరిదో పాత ఫ్రిజ్‌ను విప్పి, భాగాలన్నీ గోనెసంచి మీద పరుచుకుని కూర్చున్నాడు. పిచ్చుక వెళ్లి పక్కన కూర్చుంది.

"దీని ఓనరు అసలు చల్లబడటమే లేదన్నాడు," అన్నాడు నాన్న, తల ఎత్తకుండానే. "నమ్మి మధ్యాహ్నమంతా కూర్చుని మొత్తం విప్పాను. తీరా చూస్తే చల్లబడుతోంది. కాస్త తక్కువగా, అంతే. తలుపు రబ్బరు పోయింది. ఆ ముక్క చెబితే పది నిమిషాల పని."

"కాస్త తక్కువ అని చెబితే నువ్వు పట్టించుకుంటావా మరి?"

నాన్న స్క్రూడ్రైవర్ ఆపాడు. "ఎందుకు పట్టించుకోను? గోల పెట్టినవాళ్లకే చేస్తానా నేను?" అని కూతురి వైపు చూశాడు. "ఏమైందే? అన్నం కూడా అడగలేదు."

"ఏం లేదు."

శనివారం హాలు నిండిపోయింది. రెండో వరుసలో నాన్న, ఒళ్లో చెల్లి. ముందు వరుసలో బడి బస్సు డ్రైవరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆయన కూతురూ ఇక్కడే చదువుతోంది. ఆటలు పొద్దుటికి మారితే బస్సు గంట ముందే తీయాలి. ఆ మాట అప్పటికే నలుగురికి చెప్పాడు.

పిచ్చుక మాట్లాడింది. నిన్నటి అంకె చెప్పింది. "అమ్మో, నలభై ఆరే," అన్నారెవరో. హాలంతా కలకలం.

తర్వాత లాయర్ లేచాడు. వాడూ ఏడో తరగతే. ప్రతిదానికీ వాదిస్తాడని ఆ పేరు. చేతిలో ఆ రోజు పేపరు ఉంది.

"నిన్న ఊళ్లో ఎక్కువలో ఎక్కువ ముప్పై తొమ్మిది డిగ్రీలని వాతావరణ ఆఫీసు చెప్పింది. మన బడిలో నలభై ఆరట. మన బడికి వేరే సూర్యుడున్నాడా?"

హాలు ఘొల్లుమంది.

"నేను చెప్పలేదూ?" అన్నాడు బస్సు డ్రైవరు. "టీవీలోనూ ఇంతే. రోజూ ప్రళయమే. ఆ పుస్తకం నిండా ఇవే కథలై ఉంటాయి."

"మా వాడు వడదెబ్బ తగిలి రెండు రోజులు పడుకున్నాడు. అదీ కథేనా?" అంది వెనక నుంచి ఒకావిడ.

"ఎండాకాలంలో ఎండ కాయక మంచు కురుస్తుందా అమ్మా?"

హెడ్ మేడమ్ బల్ల మీద తట్టారు. "సైన్స్ టీచర్ గారూ, ఏమిటిది?"

సైన్స్ టీచర్ బల్ల మీదున్న రిజిస్టర్లలో నిన్నటి పేజీ తీసి చాలాసేపు చూశారు. "థర్మామీటర్ పాడై ఉండొచ్చు," అన్నారు మెల్లగా. "నేను సరిచూసుకోవాల్సింది. పొరపాటు నాది."

"ఎప్పుడు పాడైందో ఎవరికి తెలుసు?" అన్నాడు డ్రైవరు. "పదకొండేళ్ల కిందటేనేమో."

టీచర్ చెయ్యి అన్నిటికంటే పాత పుస్తకం అట్ట మీద ఉంది. తీయలేదు.

"సరే, ఈ రిజిస్టర్లు పక్కన పెట్టేద్దాం," అన్నారు హెడ్ మేడమ్. "చేతులెత్తే ముందు..."

పిచ్చుక ఆ చేతి వైపు చూసింది. నోరు మూసుకుంటే తప్పు థర్మామీటర్ మీదికి పోతుంది. ఎవరికీ తెలియదు. కానీ పదకొండేళ్ల రాత మొత్తం దాంతో పాటే పోతుంది. మాట్లాడితే ఈ హాలంతా తన వైపే చూస్తుంది. చెల్లి కూడా.

"థర్మామీటర్ మంచిదే," అంది. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అంది. "థర్మామీటర్ మంచిదే మేడమ్. నేనే దాన్ని బయటికి తీసి సిమెంటు గట్టు మీద పెట్టాను. పెద్ద అంకె రావాలని."

హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వితేనే బాగుండేది.

"మరి పెట్టెలో ఎంతుంది?" అని అడిగాడు లాయర్.

"ముప్పై తొమ్మిదిన్నర."

వాడు పేపరు చూసుకున్నాడు. "అర డిగ్రీ," అన్నాడు. "అది తేడా కింద రాదు."

పిచ్చుక బల్ల దగ్గరికి నడిచింది. టీచర్ చెయ్యి తీసి పుస్తకాన్ని తన వైపు జరిపారు. పిచ్చుక పేజీలు తిప్పుతూ రోజులు లెక్కపెట్టింది. తర్వాత పోయినేటి పుస్తకం తీసింది. హాలంతా ఎదురుచూస్తోంది. తొందరపడలేదు.

"నలభై, ఆపైన ఉన్న రోజులు మొదటి ఏడాది ఆరు," అంది. "పోయినేడు పంతొమ్మిది."

"ఒక్క బడి లెక్కతో ప్రపంచమంతా వేడెక్కుతోందని తేల్చలేవు," అన్నాడు లాయర్.

"తేల్చలేను. ప్రపంచం సంగతి ప్రపంచమంతటా కొలిచేవాళ్లు చెబుతున్నారు. నేను కొలవలేదు. మూడింటికి మన మైదానం సంగతి మాత్రం ఇందులో ఉంది."

"ఒకసారి అబద్ధం రాసిన పిల్ల మాట మీద ఇప్పుడు చేతులెత్తాలా?" అన్నాడు డ్రైవరు. ఆయన గొంతులో ఇప్పుడు వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. చాలామంది తలలూపారు.

హెడ్ మేడమ్ ఆలోచించారు. నెల రోజులు రీడింగ్ ఇద్దరు విడివిడిగా చూడాలన్నారు. నెల తర్వాతే చేతులెత్తడం. అంటే ఈ నెలంతా చెల్లి మూడింటికే మైదానంలోకి వెళ్లాలి. పిచ్చుక చెల్లి వైపు చూడలేకపోయింది.

హాలు ఖాళీ అయ్యాక టీచర్ రిజిస్టర్ తెరిచి పెన్ను ఇచ్చారు. పిచ్చుక రబ్బరు కోసం వెతికింది.

"చెరపకు. ఒక గీత కొట్టు చాలు. కిందిది కనబడాలి."

పిచ్చుక గీత కొట్టింది. పక్కన ముప్పై తొమ్మిదిన్నర రాసి సంతకం పెట్టింది. ఆ గీత వంకరగా వచ్చింది.

సోమవారం మూడింటికి పిచ్చుక, లాయర్ విడివిడిగా పెట్టెలోకి చూసి, విడివిడిగా చీటీల మీద రాసుకున్నారు. రెండు చీటీల్లోనూ ముప్పై ఏడున్నర.

గేటు దగ్గర బస్సు డ్రైవరు స్టీరింగ్ మీద తడి తువ్వాలు పరుస్తున్నాడు. "ఏం పిచ్చుకమ్మా, ఇవాళ ఎంత? యాభయ్యా, అరవయ్యా?"

"ముప్పై ఏడున్నర."

"అంతేనా?"

"అంతే."

ఆయన ముఖం తుడుచుకున్నాడు. మైదానం వైపు చూశాడు. రెండో తరగతి పిల్లలు వరుసలో నిలబడి ఉన్నారు. కాళ్లు కాలుతుంటే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నారు.

"ముప్పై ఏడున్నరకే ఇలా ఉంటే..." అన్నాడు. మాట సగంలో ఆపేశాడు.

మునుపైతే ఆ మిగతా సగం పిచ్చుకే పూర్తి చేసేది. ఇప్పుడు నోరు తెరవలేదు. ఆయన్ని అలా చూడనిచ్చి, చెల్లికి నీళ్లు పట్టుకుని మైదానంలోకి నడిచింది.