కత్తి చేతులు మారేటప్పుడు

నైట్ డ్యూటీ దిగి ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటు నుంచి ఇల్లు చేరేసరికి దుర్గాప్రసాద్‌కి కళ్లు మూతలు పడుతున్నాయి. హాల్లో సింధూరి కూర్చుని ఉంది. పోయిన ఆదివారం పెళ్లిచూపుల్లో చక్కగా నవ్విన అమ్మాయి, ఇవాళ బ్యాంకుకి వెళ్తూ దారిలో ఆగింది. వానకి తడిసిన చున్నీతో అతనికంటే అలసటగా కనిపించింది.

"మీ ఇంట్లో కత్తులున్నాయటగా" అంది.

ప్రసాద్ తల్లి వైపు చూశాడు. సంబంధం వాళ్లు వస్తున్నారంటే వాటిని దుప్పట్లో చుట్టి అటకెక్కించడం పద్మావతమ్మకి అలవాటు. ఉద్యోగం నచ్చినవాళ్లు కూడా కత్తుల సంగతి తెలియగానే మళ్లీ ఫోన్ ఎత్తేవారు కాదు. ఈసారి ఆవిడ కూడా విసిగిపోయి, కాఫీ వంకతో వంటింట్లోకి వెళ్లిపోయింది.

కత్తుల సంగతి ఎవరో చెప్పగానే ఈ సంబంధం వద్దనేశాడట సింధూరి తండ్రి. ఒకసారి చూసి చెప్తానని ఆమె గడువడిగిందట. అబద్ధమాడే ఓపిక ప్రసాద్‌కి లేదు. గది తలుపు తీశాడు.

గోడకి వరసగా చైనా కత్తులు. పాతకాలం వాటిని చూసి ఈమధ్య చేసిన నకళ్లు, పదును పెట్టనివి. ఒకటి ఒరలోంచి తీసి నూనెగుడ్డతో తుడిచాడు.

"నిజమైనవి కానప్పుడు ఇంత సేవ ఎందుకండీ?"

"నకలైనా తుప్పు నిజంగానే పడుతుందండీ. మన గాలిలో తేమ అలాంటిది."

రాత్రంతా బాయిలర్ దగ్గర అందరి చేతా మాటలు పడి వస్తానని, కాసేపు వీటిని తుడుచుకుంటేనే నిద్ర పడుతుందని చెప్పాడు. చెప్పాక సిగ్గేసింది. ఆమె నవ్వలేదు. నవ్వేసినా బాగుండేదనిపించింది అతనికి.

ఒకసారి పట్టుకుంటానంది. అతను రెండు చేతులమీద గుడ్డ వేసుకుని కత్తిని అడ్డంగా ఆనించుకుని, పిడి ఆమె వైపు తిప్పాడు. వేళ్లు ఇనుముకి తగిలితే చెమటకి మరక పడుతుందని హెచ్చరించాడు.

"ఇంకోటండీ. తీసుకునేవాళ్లు పట్టుకున్నానని చెప్పేదాకా ఇచ్చేవాళ్లు వదలకూడదు. లేకపోతే ఎవరో ఒకరి కాలిమీద పడుతుంది."

సింధూరి పిడి పట్టుకుంది. పట్టుకున్నానని మాత్రం చెప్పలేదు. కత్తి వైపే చూస్తూ మాట్లాడింది.

"పోయినేడు నాకు ముహూర్తం దాకా వచ్చిన సంబంధం ఒకటుండేది. వాళ్లు ఫోన్లోనే వదిలేశారు. నేను పట్టుకున్నానో లేదో ఎవరూ అడగలేదు."

ఈ సంబంధం కూడా తప్పిపోతే ఇక పెళ్లిమాటే వద్దని దారిలో అనుకుంటూ వచ్చాడు ప్రసాద్. ఇప్పుడు ఈ అమ్మాయి వెళ్లకపోతే బాగుండునని మాత్రమే ఉంది.

ఆమె బ్యాగులో ఫోన్ మోగింది. ఎడమచేత్తో తీసింది.

"చూశాను నాన్నా. ఉన్నాయి. శుభ్రంగానే పెట్టుకున్నారు." ప్రసాద్ వైపు ఒకసారి చూసింది. "నాకిష్టమే. సాయంత్రం ఇంటికొచ్చి మాట్లాడతాను."

కాఫీ గ్లాసులతో గుమ్మంలోకొచ్చిన పద్మావతమ్మ అక్కడే ఆగిపోయింది. ప్రసాద్ ఇంకా కత్తిని వదల్లేదు.

సింధూరి ఫోన్ బ్యాగులో వేసి, రెండో చెయ్యి కూడా పిడిమీద వేసింది.

"పట్టుకున్నానండీ."

"వదలమంటారా?"

"కత్తి వరకే" అంది.