అమ్మ కోసం వేసిన కుర్చీ

శాలిబండలో సాకిబ్ భాయ్ ఫొటో స్టూడియో మా ఇంటికి పది నిమిషాల దూరం. ఆ పది నిమిషాలు నడవడానికి నాకు ఐదేళ్లు పట్టింది. అప్పటికి మా అమ్మ లేదు.

అమ్మ పేరు మాణిక్యమ్మ. ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. "డానియేలూ, అందరం కలిసి ఒక్క ఫొటో దిగుదాం బిడ్డా, గోడకు పెట్టుకుంటా," అని అడిగేది. నన్ను ఆమె కోరింది అదొక్కటే. నేనేమో గోడకు సున్నం పడనీ అన్నాను, నా పొట్ట తగ్గనీ అన్నాను, క్రిస్మస్ రానీ అన్నాను. నాలుగు క్రిస్మస్‌లు వచ్చి పోయాయి. ఫొటో కోసమని అమ్మ ఆకుపచ్చ పట్టుచీర ఇస్త్రీ చేయించి, పురుగు పట్టకుండా డాంబర్ గోలీలు వేసి బీరువాలో దాచుకుంది. చివరికి ఆ చీరతోనే పెట్టెలో పడుకోబెట్టాం.

పెట్టె మీద పెట్టడానికి ఒక్క మంచి ఫొటో దొరకలేదు. ఆధార్ కార్డులో బొమ్మను పెద్దది చేయించాను. అందులో అమ్మ ఎవరో కసురుకున్నట్టు బిత్తరపోయి చూస్తుంది. సమాధుల తోటలో మా మేనమామ నా పక్కకు వచ్చి, "ఇంకోటి లేదారా?" అని అడిగాడు. ఇప్పుడు చెబుతున్నా సిగ్గుగానే ఉంది.

అమ్మ పోయిన ఏడాదికి చేసే ప్రార్థన దగ్గరపడింది. గోడ మీద అమ్మ ఉండాలి, ఈసారైనా మాట దక్కాలి అనుకుని శనివారం సాయంత్రానికి స్టూడియోలో టైం తీసుకున్నాను. నేను, నా భార్య రూప, ఆరేళ్ల మా పాప స్రవ్య మేడ ఎక్కాం. లోపల కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు, పాత తెరల ముక్కిన వాసన. తలుపు వేయగానే కింద రోడ్డు మీది ఆటోల మోత ఆగిపోయింది.

పోయినవాళ్లను తర్వాత కంప్యూటర్‌లో అతికించడం సాకిబ్ భాయ్‌కి అలవాటైన పనే. మధ్యలో ఖాళీ కుర్చీ వేశాడు. దానికి చెరో పక్క రూపను, స్రవ్యను నిలబెట్టాడు.

"అమ్మ గీడ కూసున్నదనుకో అన్నా. నువ్వు ఎనక నిలబడి, భుజం మీద చెయ్యి పెట్టినట్టు గాల్ల ఉంచు. అమ్మను నేను తర్వాత సెట్ చేస్త, ఫికర్ చెయ్యకు."

చెయ్యి గాలిలో ఉంచి నిలబడ్డాను. ఒక ఫ్లాష్ వెలిగింది. ఇంకోటి. బతికుండగా పట్టుకోని భుజాన్ని ఇప్పుడు పట్టుకున్నట్టు నటిస్తున్నానని తోచి చెవులు వేడెక్కాయి. చెయ్యి గుంజడం మొదలైంది. మూడో ఫ్లాష్ వెలిగేసరికి గుంజడం ఆగిపోయింది.

చెయ్యి దేని మీదో ఆనింది.

కిందికి చూడలేదు. చూసే ధైర్యం లేదు. వేళ్ల కింద పట్టుచీర... దాని కింద సన్నటి ఎముక... తడిబట్టలా చల్లగా. డాంబర్ గోలీల వాసన గుప్పుమంది.

"గిప్పుడు మంచిగ పెట్టినవన్నా," అన్నాడు సాకిబ్ భాయ్, కెమెరా నుంచి కన్ను తీయకుండా. "గట్లనే ఉంచు."

ఉంచాల్సింది. ఒక్క నిమిషం ఓర్చుకుంటే సరిపోయేది. కానీ ఆ భుజం మెల్లగా పైకి లేచింది... దిగింది. ఊపిరి తీసినట్టు.

చెయ్యి లాగేసుకున్నాను.

"వద్దు భాయ్... ఇయ్యాల వద్దు. ఇంకోరోజు చూద్దాం."

కన్నతల్లి ఎదురుగా కూర్చుంటే నా నోట వచ్చిన మాట అది.

కుర్చీ కిర్రుమంది... కూర్చున్న మనిషి లేచినట్టు.

"ఏమైంది?" అంది రూప గుసగుసగా. అమ్మను నేనే లేపి పంపేశానని ఎలా చెప్పను?

సాకిబ్ భాయ్ నన్ను దగ్గరికి పిలిచాడు. కెమెరాలో ఆఖరి ఫొటో చూపించాడు. కుర్చీ ఖాళీ. నేను వెనక్కి జరిగి ఉన్నాను. స్రవ్య ఒక్కతే పక్కకు తిరిగి, కుడిచెయ్యి పైకెత్తి ఎవరినో చూసి నవ్వుతోంది.

"ఇది నేను తియ్యలే అన్నా," అన్నాడు.

వెనక్కి తిరిగాను. పిల్ల అప్పటికే తలుపు తీసుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. పరుగున వెళ్లి ఎడమచెయ్యి పట్టుకున్నాను.

"దా బిడ్డా, ఇంటికి పోదాం. ఆ చెయ్యి గూడ ఇయ్యి."

"అది ఖాళీ లేదు డాడీ," అంది మెల్లగా.

కుడిచెయ్యి చీకటి మెట్ల వైపు చాపి ఉంది. దాని వేళ్లు ఒకదానికొకటి నొక్కుకుని తెల్లగా పాలిపోయాయి. నేను పిల్లను నా వైపు లాగాను.

అవతలి నుంచి కూడా లాగారు.